ఈతకు వెళ్లే మా పాప రింగుల జుట్టును ఎలా చూసుకుంటున్నామంటే

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మీవారిది నైజీరియా, పాపకు 8 ఏళ్లు, వారానికి 4 రోజులు స్విమ్ టీమ్ ప్రాక్టీసు, రెండు నెలల్లోనే జుట్టు పీచులా అయి తెగిపోతోంది, ఇంట్లో పెద్దవాళ్లేమో "జుట్టైనా కత్తిరించండి, ఈతైనా మానిపించండి" అంటున్నారు. ఆ రెండూ వద్దండి. మా అమ్మాయికి ఇప్పుడు 13. ఏడో ఏట నుంచి ఈదుతోంది. మావారు ఆఫ్రికన్ అమెరికన్, మేముండేది హ్యూస్టన్ దగ్గర. పాప జుట్టు సన్నని స్ప్రింగుల్లాంటి రింగులు. తడిపి సాగదీస్తే వీపు మధ్యకు వస్తుంది, వదిలేస్తే భుజాల మీదకు ముడుచుకుంటుంది.

మొదటి ఏడాది నేను చాలా తప్పులు చేశాను. నాకు తెలిసిందల్లా మన జుట్టు. పూల్ నీళ్లలో కలిపే క్లోరిన్ పోవాలని ప్రతి ప్రాక్టీసు తర్వాత షాంపూ పెట్టాను. మా అమ్మ వచ్చినప్పుడు ఆదివారాలు కుంకుడురసంతో తలంటాం. ఆరాక దువ్వాను. ఒకరోజు బాత్రూమ్ నేల మీద రాలిన వెంట్రుకలు చేతిలోకి తీసుకుని చూస్తే అన్నీ అరంగుళం ముక్కలే. కుదురు నుంచి ఊడిన వెంట్రుక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది. వీటిలో ఒక్కదానికీ లేదు. అంటే జుట్టు ఊడటం లేదు, మధ్యలో విరుగుతోంది. మీరూ ఈ రోజే చూడండి. ముక్కలు కనబడితే లోపం మాడులో కాదు, మనం చూసుకునే పద్ధతిలో ఉన్నట్టు. కుదుళ్లు బాగుంటే జుట్టు మళ్లీ వస్తుంది.

మా అత్తగారు వచ్చాకే నాకు దారి దొరికింది. పాపను కింద కూర్చోబెట్టుకుని, తను సోఫా మీద కూర్చుని, అచ్చం మా అమ్మమ్మ నాకు జడ వేసినట్టే మోకాళ్ల మధ్య పాప తల ఉంచుకున్నారు. పాయలు పాయలుగా విడదీసి, ఒక్కో పాయనీ స్ప్రే సీసాతో తడిపి, కండిషనర్ రాసి, వేళ్లతోనే చిక్కు తీశారు. "పూల్లో దిగాక కాదమ్మా, దిగకముందే చూసుకోవాలి" అన్నారు. నేను మీకు చెప్పదలుచుకున్నదీ అదే.

మాడులో ఊరే జిడ్డు మన జుట్టులో జారుకుంటూ కొసల దాకా వెళ్తుంది. రింగుల జుట్టులో మెలిక మెలికకీ ఆగిపోతుంది. అందుకే అది పుట్టుకతోనే పొడిగా ఉంటుంది, ప్రతి మెలికా ఒక బలహీనమైన చోటు కూడా. ఉన్న కాస్త జిడ్డునూ క్లోరిన్ లాగేస్తుంది. ఆపైన కుంకుడురసం, నురగెక్కువ వచ్చే షాంపూ పెడితే మిగిలిందీ పోతుంది.

పొడి గుడ్డను రంగునీళ్లలో వేస్తే ఎంత పీలుస్తుంది! ముందే మంచినీళ్లలో తడిపిన గుడ్డ అంత పీల్చదు. జుట్టూ అంతే. ప్రాక్టీసుకు ముందు షవర్ కింద జుట్టంతా నీళ్లు ఓడేలా తడపండి. తర్వాత కొసల నుంచి పైకి కొబ్బరినూనె కొంచెం, దాని మీద చవకరకం కండిషనర్ దండిగా. కొబ్బరినూనె అనేది మన అలవాటు కొద్దీ చెబుతున్న మాట కాదు. 2003లో మన భారతీయ పరిశోధకులు కొబ్బరి, సన్‌ఫ్లవర్, మినరల్ నూనెలను పోల్చి చూస్తే, వెంట్రుకలో ప్రొటీన్ నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. అయితే నుదుటి దగ్గర రెండు వేళ్ల వెడల్పు కండిషనర్ రాయకుండా వదలండి, లేకపోతే ఈత క్యాప్ జారిపోతుంది. జుట్టును నడినెత్తిన ముడి వేయకండి. నాలుగు జడలు వేసి మెడ దగ్గర కిందికి చుట్టండి.

ఇక క్యాప్. మా పాప పాత కోచ్ ఒకరు "ఈ జుట్టుకు క్యాప్ పట్టదు, తగ్గించండి" అన్నారు. ఆ రోజు పాప కారులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తప్పు జుట్టుది కాదు, క్యాప్ సైజుది. ఒత్తైన జుట్టు కోసమే పెద్ద సిలికాన్ క్యాపులు వస్తున్నాయి. లండన్‌లో మొదలైన సోల్ క్యాప్ అలాంటిదే. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు 2021లో అంతర్జాతీయ ఈత సమాఖ్య దాన్ని ఒప్పుకోలేదు, తల సహజ ఆకారానికి తగ్గట్టు లేదని కారణం చెప్పింది. ఎవరి తల ఆకారం సహజం అని ఎంతోమంది గట్టిగా నిలదీశారు. 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. కాబట్టి ఈత పోటీల్లో ఎవరైనా అభ్యంతరం చెబితే ఈ విషయం చెప్పండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఏ క్యాపైనా నీళ్లను పూర్తిగా ఆపదు. ముందు తడపడం, కండిషనర్ రాయడం క్యాప్ ఉన్నా తప్పవు.

పూల్ నుంచి బయటికి రాగానే, ఇంటికి వెళ్లాక కాదు, అక్కడి షవర్‌లోనే తల కడిగించండి. క్లోరిన్ నీళ్లు తలలోనే ఆరకూడదు. మేం ఒక స్ప్రే సీసాలో నీళ్లు పోసి అర చెంచా విటమిన్ సి పొడి కలిపి తీసుకెళ్తాం, అది క్లోరిన్‌ను విరిచేస్తుంది. నిల్వ ఉంటే పనిచేయదు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. తర్వాత మళ్లీ కండిషనర్, అంతే. షాంపూ వారానికి ఒక్కసారి చాలు, అదీ ఈతగాళ్ల కోసం అమ్మే రకం.

శనివారం మా ఇంట్లో జుట్టు రోజు. షాంపూ అయ్యాక డీప్ కండిషనర్ పట్టించి, ప్లాస్టిక్ క్యాప్ పెట్టి అరగంట ఉంచుతాం. ఆ తర్వాతే చిక్కు తీయడం. జుట్టు తడిగా, కండిషనర్‌తో జారుతూ ఉండాలి, పెద్ద పళ్ల దువ్వెన ఉండాలి, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. మన పిల్లలకు దువ్వినట్టు మాడు నుంచి కిందికి ఒక్క లాగు లాగితే మళ్లీ ఆ అరంగుళం ముక్కలే. చివర్లో కడగనవసరం లేని కండిషనర్, పైన చుక్క నూనె, ఆపైన క్రీమ్, రెండు పాయల మెలికలు. రాత్రి తలకు శాటిన్ బోనెట్, అంటే నున్నటి గుడ్డ టోపీ, పెడతాం. కాటన్ దిండు గలీబు తేమనంతా పీల్చేస్తుంది. మొదట్లో నాకు మూడు గంటలు పట్టేది, ఇప్పుడు గంటంపావు.

మాడుకు అంటి అల్లే సన్న జడలు, కార్న్‌రోస్ అంటారు, ఈతకు బాగుంటాయి. పాపకు నొప్పి పుట్టేలా బిగించనివ్వకండి. బిగుతు జడలు నెలల తరబడి లాగితే నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా పోవచ్చు. అక్కడ పలచబడినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. జడల కింద మాడు తడిగా ఉండిపోకుండా డ్రయర్ చల్లగాలితో ఆరబెట్టండి. "స్ట్రెయిటెనింగ్ చేయించు" అనే సలహా మాకూ చాలామంది ఇచ్చారు. ఇస్త్రీ చేసినట్టు సాపు చేసిన జుట్టు నీళ్లు తగలగానే మళ్లీ రింగులు తిరుగుతుంది. రసాయనంతో చేస్తే వెంట్రుక లోపలి బంధాలే తెగుతాయి, దానికి క్లోరిన్ తోడైతే ఇంక చెప్పక్కర్లేదు.

ఈత మానిపించమనే పెద్దలకు ఒక మాట చెప్పండి. మా అత్తగారికి ఈత రాదు. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లోని పూల్ తెల్లవాళ్లకు మాత్రమే. 1964లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో నల్లజాతి నిరసనకారులు మోటెల్ పూల్‌లో దిగితే, మేనేజర్ ఆ నీళ్లలో యాసిడ్ పోశాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. తల్లిదండ్రులకు ఈత రాకపోతే చాలాసార్లు పిల్లలకూ రాదు, జుట్టు భయం దానికి తోడు. 10 నుంచి 14 ఏళ్ల నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కంటే 7.6 రెట్లు ఎక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. జుట్టు కోసం పిల్లను నీళ్ల నుంచి తప్పించకూడదని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో సిమోన్ మాన్యుయెల్ స్వర్ణం గెలిచింది. ఈతలో వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమే. ఆమెది హ్యూస్టన్ పక్కనే ఉన్న షుగర్‌ల్యాండ్, మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే ఊరు. ఆ రేసు వీడియో మీ పాపతో కలిసి చూడండి. మా అమ్మాయి గదిలో ఆమె బొమ్మ ఉంది.

రేపటి ప్రాక్టీసుకు కొత్తగా ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె, కండిషనర్, ఒక స్ప్రే సీసా బ్యాగులో పెట్టుకుని పది నిమిషాలు ముందు వెళ్లండి. జుట్టు ఎంత ఒత్తుగా ఉందో, తడిపితే ఎక్కడిదాకా వస్తుందో రాస్తే క్యాప్ ఏ సైజు తీసుకోవాలో చెబుతాను.