పెనెలొపీ పాత్రకు ఆటలో పని కల్పించడం ఎలా?

హోమర్ గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’ ఆధారంగా మీరు తయారుచేస్తున్న ఆటలో, ఒడిస్సియస్‌గా ఆడేవాళ్లకు ఓడలు, యుద్ధాలు ఉన్నాయి, ఇంటి దగ్గరున్న అతని భార్య పెనెలొపీగా ఆడేవాళ్లకు అతని కోసం ఎదురుచూడటం తప్ప పనేం లేక బోర్ కొడుతోందని రాశారు. దయచేసి ఆమె చేతికి కత్తి ఇవ్వకండి. ఆమె బలమంతా మగ్గం దగ్గరే ఉంది. మామగారు లయెర్టీస్ కోసం శవవస్త్రం నేస్తున్నానని, అది పూర్తయ్యాకే పెళ్లి అని చెప్పి, పగలు నేసింది రాత్రి దివిటీల వెలుగులో విప్పేస్తూ, పెళ్లాడతామని ఇంట్లో తిష్ట వేసిన 108 మందిని మూడేళ్లు ఆపింది. నాలుగో ఏడు ఒక పనికత్తె గుట్టు బయటపెట్టింది.

కాబట్టి రాత్రి ఎన్ని వరసలు విప్పాలన్నదే ఆటలో ఆమె వేసే ఎత్తు కావాలి. ఎక్కువ విప్పితే అనుమానం, తక్కువ విప్పితే గడువు ముంచుకొస్తుంది. పనికత్తెల నమ్మకానికి విడిగా పాయింట్లు పెట్టండి. కొడుకు టెలిమకస్ ఎదిగేకొద్దీ నలుగురిలో మాట్లాడే హక్కు ఆమె చేతి నుంచి అతనికి పోవాలి. కథలో తల్లిని మగ్గం దగ్గరికి పొమ్మనేది అతనే కదా. ముందు ఈ ఒక్క భాగాన్ని కాగితం మీద ఆడి చూడండి.