రుండి భాష అక్షరాలు, ఉచ్చారణ: ఎక్కడ మొదలుపెట్టాలి?

బురుండి దేశపు రుండి భాషను రోమన్ లిపిలోనే రాస్తారు. క్యూ, ఎక్స్ అక్షరాలు ఉండవు. అక్షరాలకు ఒక్క పూట చాలు. కష్టమంతా రాతలో కనబడనివాటితోనే.

ముందు అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ. మనకున్నట్టే వీటికి హ్రస్వం, దీర్ఘం రెండూ ఉన్నాయి, కానీ మామూలు రాతలో తేడా చూపరు. స్వరం హెచ్చుతగ్గులూ అంతే. అందుకే కొత్త మాటను విని, తెలుగు లిపిలో గుడింతంతో రాసుకోండి. ఎంబి, ఎన్‌డి లాంటి జంటల ముందు అచ్చు సాగుతుంది: దేశం పేరు పలకడంలో ‘బురూండి’. మాటలన్నీ అజంతాలే, మనకు సుఖం.

సి ఎప్పుడూ ‘చ’. టీని ‘ఇచాయి’ అంటారు, మర్చిపోమన్నా మర్చిపోలేం! ‘బ’ దగ్గరే చాలామంది తప్పుతారు. బురుండిలోని బుజుంబుర నగరం పేరులో మొదటి ‘బ’కు పెదవులు పూర్తిగా మూయకూడదు, గాలి జారాలి, ‘మ’ తర్వాతి ‘బ’కు మాత్రం గట్టిగా మూయాలి. బి పక్కన డబ్ల్యూ వస్తే ‘బ్గ’లా వినిపిస్తుంది: కుక్క రాతలో ‘ఇంబ్వ’, నోట్లో ‘ఇంబ్గ’.

ఉపసర్గలోని ‘క’ తర్వాత పరుషం వస్తే ‘గ’ అవుతుంది: ‘ఇకిరుండి’ (రుండి భాష), కానీ ‘ఇగితాబు’ (పుస్తకం). ఈ మార్పు రాతలోనూ కనిపిస్తుంది.