పాఠకుల ప్రశ్నలు: పాత స్విస్ వాచీకి కొత్త మెరుగులు అవసరమా?

ప్రశ్న: మా తాతగారు 1950లలో బొంబాయిలో కొన్న లాంజీన్స్ వాచీ నాకు సంక్రమించింది. కీ ఇస్తే నడుస్తోంది కానీ, డయల్ పసుపుబారి అంచుల్లో మచ్చలు పడ్డాయి. డయల్‌కు రంగు వేయించి, కేసుకు పాలిష్ పెట్టిస్తే విలువ పెరుగుతుందని దుకాణదారు అంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: దయచేసి ఆ రెండూ చేయించకండి. పాత వాచీలు సేకరించేవారు అన్నిటికన్నా ముందు పరిశీలించేది డయల్‌నే. ఫ్యాక్టరీలో వేసిన రంగు, ముద్రించిన అక్షరాలు ఎంత వెలిసిపోయినా అవి అసలువి కాబట్టి వాటికి విలువ ఉంటుంది. ఒకసారి గీకి కొత్త రంగు వేశాక ఆ అసలు డయల్‌ను ఎవరూ తిరిగి తేలేరు. ముంబయిలో పాత స్విస్ వాచీల డయళ్లకు ముదురు రంగులు పూసి అమ్మే వ్యాపారం ఎంతగా సాగిందంటే, అక్షరాలు అలుక్కుపోయి, నిమిషాల గీతలు ఎగుడుదిగుడుగా ఉన్న డయల్ కనిపిస్తే విదేశాల్లోని సేకర్తలు సైతం దాన్ని ముంబయి సరుకుగా గుర్తుపడతారు. పాలిష్ కూడా అంతే నష్టం చేస్తుంది. అది గీతలను పూడ్చదు, గీత లోతు వరకు చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తుంది. దాంతో బెల్టు తగిలించే చోట పదునుగా ఉండవలసిన అంచులు గుండ్రబడిపోతాయి.

మీరు ఖర్చు పెట్టవలసింది లోపలి యంత్రానికి. నూనె ఎండిపోయినా వాచీ కొంతకాలం నడుస్తూనే ఉంటుంది, ఆ నడకలోనే సన్నటి ఇరుసులు అరిగిపోతాయి. అందువల్ల అనుభవమున్న పనివారి చేత విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయించేదాకా రోజూ పెట్టుకోకండి. విప్పినప్పుడు యంత్రం మీద చెక్కిన సంఖ్యను రాసి ఉంచుకోండి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ ఇమియేలో ఈ కంపెనీ చేతిరాత రిజిస్టర్లను నేటికీ భద్రపరుస్తోంది కనుక, ఆ సంఖ్యను బట్టి మీ వాచీ ఎప్పుడు తయారైందో తెలుసుకునే వీలుంది.

ప్రశ్న: సమయం ఇంకా కచ్చితంగా చూపే చవక వాచీలుండగా, కీ ఇచ్చే స్విస్ వాచీలకు ఇంత గిరాకీ ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కచ్చితత్వం విషయంలో మీ మాట నిజమే. బ్యాటరీతో నడిచే చవక వాచీల్లోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, 1950ల నాటి వాచీ చక్రం సాధారణంగా సెకనుకు 5 సార్లు మాత్రమే టిక్కుమంటుంది. 1969 డిసెంబరులో జపాన్‌కు చెందిన సీకో క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసిన తరువాత, 1970లో స్విస్ గడియారాల పరిశ్రమలో ఉన్న సుమారు 90,000 ఉద్యోగాల్లో అధిక భాగం పదిహేనేళ్లలోనే పోయాయి.

అలా పోతూ వచ్చిన నైపుణ్యం మామూలుది కాదు. పదహారో శతాబ్దంలో క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ తెచ్చిన సంస్కరణలు ఆడంబరపు నగలను అణచివేయడంతో జెనీవా స్వర్ణకారులు గడియారాల వైపు మళ్లారు. 1601లో వారికి సంఘమే ఏర్పడింది. అక్కడినుంచి ఆ విద్య జూరా పర్వతాలకు వ్యాపించింది. మంచు కాలంలో పొలం పనులు లేని రైతు కుటుంబాలు ఒక ఇంట చక్రాలు, ఒక ఇంట ముళ్లు చొప్పున తయారు చేసేవి. ఆ పర్వతాల్లో 1794లో అగ్నికి ఆహుతైన లా షో-ద-ఫాన్ పట్టణాన్ని ఆ తరువాత తిన్నని వీధులతో మళ్లీ నిర్మించారు. చక్రాలకు కంటికి ఆనని పళ్లను పగటి వెలుతురులో కోసే పనివారి కోసం అక్కడి ఇళ్లకు వరుసగా పెద్ద కిటికీలు పెట్టారు. ఆ పట్టణాన్ని, పొరుగునున్న లె లోకల్‌ను 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సేకర్తలు డబ్బు పెట్టేది ఆ చేతిపనికేనని నా అభిప్రాయం.

ప్రశ్న: 1940ల వాచీ ఒకటి కొన్నాను. చీకట్లో వెలగడానికి అంకెలపై పూసిన పదార్థం ఇప్పుడు వెలగడం లేదు. గీకి కొత్తది పూయించనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వద్దు. ఆ కాలంలో పూసింది చాలావరకు రేడియోధార్మిక పదార్థమైన రేడియం. వెలుగునిచ్చే రసాయనం పాడైపోయినా, రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. గీకితే లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ప్రమాదం. కేసును మీరుగా తెరవకండి, పడకగదిలో ఉంచకండి, సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు రేడియం సంగతి పనివారికి ముందే చెప్పండి.