వారధి తెగకుండా ముక్కలు చెయ్యి, అమ్మడూ

అమ్మడూ,

మీ అమ్మ వేసిన సేతుబంధనం కలంకారీని ఇన్‌స్టాగ్రామ్‌లో ఐదు ముక్కలుగా పెట్టావు కదా, రాత్రి చూశాను. వేలితో జరుపుతుంటే ప్రతి అతుకు దగ్గరా అంచు మెట్టులా ఎగిరింది. మూడో స్లైడులో ఒక వానరుడి ముఖం సగానికి తెగింది. మనసు చివుక్కుమంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో ఆవిడ నెలల తరబడి గీసిన గీత అది. ఫోన్‌లో చెబితే మరిచిపోతావని రాస్తున్నాను.

నువ్వు గ్యాలరీలో ఒక్కో ముక్కనీ విడిగా క్రాప్ చేశావు. చేత్తో చేస్తే రెండు మూడు పిక్సెళ్లయినా తేడా వస్తుంది, కన్ను ఇట్టే పట్టేస్తుంది. అలా వద్దు. మొత్తం బొమ్మని ఒకే కాన్వాస్ మీద పెట్టు. స్లైడుకి 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 ఎత్తు. ఐదింటికి 5400 బై 1350. గుడ్డ ఆ కొలతకి రాకపోతే సాగదీయకు, పైనా కిందా గుడ్డ రంగే నింపు. ఫోటోషాప్‌లో ప్రతి 1080కి ఒక గైడ్, అంటే కొలత చూపించే నిలువు గీత పెట్టి, వాటి మీదుగా స్లైస్ చేసెయ్, ముక్కలు సమంగా తెగుతాయి.

ఆ గైడ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడమే అసలు పని. నేను ప్రెస్సులో చేరిన కొత్తల్లో ఒక గుడి బ్రోషర్ మూడు మడతలుగా వేశాను. మడత సరిగ్గా అమ్మవారి కంటి మీద పడింది. రెండు వేల కాపీలు అచ్చయ్యాక చూసుకున్నాను. అప్పటినుంచీ ముందు ముఖాలు, చేతివేళ్లు, అక్షరాలు ఎక్కడున్నాయో చూసి, ఆ తర్వాతే గీత పెడతాను. మీ అమ్మ బొమ్మల కింద తెలుగులో కథ రాసింది. అక్షరం ఒక స్లైడులో, దాని దీర్ఘం ఇంకో స్లైడులో పడితే ఎవరు చదువుతారు? గైడ్లు కదలవు కాబట్టి బొమ్మనే వాటి కింద అటూ ఇటూ జరిపి చూడు.

అలాగని అన్నీ ఖాళీల్లోనే కోసేయకు. అప్పుడు ఏ స్లైడుకి ఆ స్లైడు విడి బొమ్మ అయిపోతుంది. వారధి రాళ్లు, అలలు అతుకు దాటి పోవాలి. రెండో స్లైడులో రాయి ఎత్తిన వానరుడున్నాడే, అతని తోక కొసని మొదటి స్లైడు కుడి అంచులోకి రానివ్వు. చూసేవాళ్ల వేలు దానంతటదే జరుపుతుంది.

రంగులు, వెలుతురు సరిచేసేది కోయకముందే. నువ్వు కోశాక ఫిల్టర్ వేశావు. అది ప్రతి స్లైడు అంచులనీ నల్లబరిచింది, అందుకే అతుకు అతుకుకీ నీడ చార కనబడుతోంది.

ఇంకో సంగతి. ఫోన్ పనోరమాతో తీసినట్టున్నావు, అంచు విల్లులా వంగింది. గుడ్డని గోడకి వేలాడదీసి, ఎండ నేరుగా పడని చోట, అదే దూరంలో పక్కకి అడుగులు వేస్తూ తియ్యాలి. ప్రతి ఫోటోలో ముందుదాని మూడో వంతు మళ్లీ రావాలి. వాటిని ఫోటోషాప్‌లోని ఫోటోమెర్జ్ అనే సదుపాయం ఒకే బొమ్మగా కలుపుతుంది.

ఆదివారం వచ్చేటప్పుడు గుడ్డ తీసుకురా, మళ్లీ తీద్దాం. మడత పెట్టకు, గొట్టానికి చుట్టి తే.

ఆశీస్సులతో,
మామయ్య