స్విచ్ ఆఫ్ చేసినా మిగిలే జాడ: యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే షాడోరన్ ఆట కోసం నువ్వు రాసిన సియాటిల్ సాహసకథ చదివాను. కార్పొరేట్ భద్రతాధికారి మీట నొక్కగానే పటం మీద ఎర్రచుక్క వెలగడం, ఆ చుక్క చూసుకుని సాయుధులు వచ్చిపడడం అన్న ఘట్టం మీదే కథంతా నిలబడి ఉంది కనుక దాని గురించే రాస్తున్నాను.

ఆ ఎర్రచుక్క ఆటగాళ్లకు చేయడానికేమీ మిగల్చదు. ఆటలో కథ నడిపే గేమ్ మాస్టర్ తలచుకున్నాడు కాబట్టి దొరికిపోయామనే వాళ్లు అనుకుంటారు. నిజమైన ఫోను మనిషిని పట్టించే తీరు ఇంతకంటే నిదానమైనది, కథకు ఇంతకంటే పనికొచ్చేది. కాల్ వస్తే ఎక్కడ మోగించాలో నెట్‌వర్క్‌కు తెలియాలి కాబట్టి, జేబులో ఊరికే పడి ఉన్న ఫోను కూడా తాను ఏ ప్రాంతంలో ఉన్నదీ అప్పుడప్పుడు తెలియజేస్తూనే ఉంటుంది. కాల్ చేసినప్పుడు ఏ టవర్, ఆ టవర్‌కు ఏ పక్క అన్నది కంపెనీ రికార్డులో చేరుతుంది. ఒక్క రికార్డు చూస్తే నగరంలో కొన్ని వీధులు, పల్లెపట్టున కొన్ని కిలోమీటర్లు అని మాత్రమే తేలుతుంది. వేల రికార్డులు వరుసగా పేర్చి చూస్తే మాత్రం ఆ మనిషి ఎక్కడ నిద్రపోతాడో, ఎవరింటికి చాటుగా వెళ్తాడో బయటపడుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పిన కార్పెంటర్ కేసులో ఒక్క నిందితుడి గురించి 127 రోజులకుగాను 12,898 లొకేషన్ వివరాలు పోలీసుల చేతికి వచ్చాయి. అటువంటి రికార్డులకు సాధారణంగా వారంటు ఉండాలని కోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. నీ కథాలోకంలో మెగా కార్పొరేషన్లు తమ ప్రాంగణాల్లో తమ చట్టమే నడుపుకుంటాయి కదా, అక్కడ వారంటు ఏదని అడిగే నాథుడెవరు? భయం పుట్టాల్సింది అక్కడ.

దోపిడీకి ముందు నీ నలుగురు పాత్రలూ ఒకే చోట, ఒకే నిమిషంలో ఫోన్లు ఆపేశారు. తెలివైన పనేనని నువ్వు రాశావు, కానీ రికార్డులు తిరగేసేవాళ్ల కంట ముందుగా పడేది ఆ నాలుగు ఖాళీలే. సిమ్ మార్చినా హ్యాండ్‌సెట్ సొంత గుర్తింపు అయిన ఐఎంఈఐ నంబరు పాతదే. కొత్త ఫోను కొన్నా, పాతదాన్ని పక్క జేబులో వేసుకుని ఊరంతా తిరిగితే రెండూ ఒకరివేనని తేల్చడానికి పెద్ద విద్య అక్కరలేదు. ఇవన్నీ వెతకడానికి సమయం పడుతుంది. ఆ సమయాన్ని గంటల లెక్కన ఆటగాళ్ల చేతికివ్వు.

షాడోరన్ నియమాల 2005 నాటి నాలుగో ఎడిషన్ తెచ్చిన, ఫోనూ కంప్యూటరూ గుర్తింపు కార్డూ ఒక్కటైన కమ్‌లింక్‌ను నువ్వు ఉత్త ఫోనులా వాడేశావు. దాన్ని రహస్య స్థితిలో పెట్టుకోవచ్చు సరే, కానీ సంపన్నుల వీధుల్లో కమ్‌లింక్ బాహాటంగా గుర్తింపు చెప్పకపోతే అదే అనుమానానికి కారణం. అందుకే రహస్యంగా వెళ్తే కాపలావాడు ఆపుతాడు, నకిలీ గుర్తింపుతో వెళ్తే అది తనిఖీకి నిలవాలి, కమ్‌లింక్ వదిలేసి వెళ్తే జట్టుతో మాట కలవదు. ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలో వాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తగవులాడుకోవాలి. (ఆ తగవు సాగుతున్నంతసేపూ నువ్వు పాచికలు ముట్టకు.)

రెండో అంకంలో భద్రతాధికారిని తీసేసి, రికార్డులు అమ్ముకునే చిన్న గుమస్తాను పెట్టు. అతడికి ఒక ధర, ఒక అప్పు ఉండనివ్వు. ఆటగాళ్లు అతణ్ని ముందే కొనేయగల వీలు కూడా ఉంచు. తిరగరాసి పంపితే నియమాల లెక్కలు అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి