సాక్ష్యం చెప్పమంటున్నారు, నేను మళ్లీ తాగుతున్నాను

ప్రశ్న: మేడమ్, నా వయసు 43. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. తొమ్మిదేళ్ల కిందట తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటి నుంచి ఏటా డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తాగుడెలా మానేశానో నాతో సాక్ష్యం చెప్పిస్తున్నారు. ఈ ఏప్రిల్‌లో నాన్న పోయారు. ఆ నెలలోనే మళ్లీ మొదలైంది. సంఘం వాళ్ల కంట పడకుండా సింధియా వైపు వెళ్లి కొనుక్కుంటాను. రోజూ ఒక క్వార్టర్, ఒక్కోసారి ఎక్కువ. వాసన పోయేదాకా బండి మీద తిరిగి ఇంటికొస్తాను. నా భార్య అన్నం మీద మూత పెట్టి పిల్లల గదిలో పడుకుంటోంది, ఏమీ అడగదు. ఆదివారం పాటలు మాత్రం నేనే నడిపిస్తున్నాను. మొన్న పాస్టరు గారు ఈసారీ సాక్ష్యం నాదే అన్నారు. సంఘంలో ఒక కుర్రాడు "అన్నా, మీరెలా మానేశారు?" అని నా వెంట తిరుగుతున్నాడు. అందరి ముందూ నిజం ఒప్పేసుకోవాలా? సంఘమే మానేయాలా? నేను వేషధారినా?

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదేననిపిస్తోంది. సువార్తల్లో వేషధారి అని మనం చదివే మాటకు గ్రీకులో నాటకంలో వేషం కట్టేవాడని అర్థం. నాటకం అయిపోగానే అతను రంగు కడుక్కుని హాయిగా ఇంటికి పోతాడు. మీకు ఇంటికి వెళ్లాలన్నా భయమే.

అలాగని మిమ్మల్ని పూర్తిగా వదిలేయను. గలతీ పత్రిక రెండో అధ్యాయం తీసి చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేసేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వాళ్లకు భయపడి పక్కకు తప్పుకున్నాడు. మిగతా యూదులు కూడా అతనితో కలిసి "మాయవేషము" వేసుకున్నారని పౌలు రాశాడు. పేతురుకు విశ్వాసం లేక కాదు, ఎవరేమనుకుంటారోనని. మీదీ అదే.

మీ తొమ్మిదేళ్లు అబద్ధం కాదు. అన్నాళ్లు మానేసి ఉన్నారు, అది నిజంగా జరిగింది. ఏప్రిల్ తర్వాత కూడా ఆ కథను "మానేశాను" దగ్గరే ఆపి ఉంచడంలో ఉంది అబద్ధం. నేనూ సంఘంలో పెరిగినదాన్నే. మన దగ్గర సాక్ష్యమంటే ఎప్పుడూ గడిచిపోయిన కష్టమే. అప్పులుండేవి, తీరిపోయాయి. జబ్బు చేసింది, తగ్గిపోయింది. ఇంకా తీరని అప్పుతో మైకు పట్టుకున్నవాళ్లను నేను ఒకరిద్దరినే చూశాను. పౌలు మాత్రం రోమా ఏడో అధ్యాయంలో, చేయగోరని కీడు "చేయుచున్నాను" అన్నాడు. చేసేవాడిని అనలేదు.

మరి 31 రాత్రి మైకులో ఒప్పుకోవాలా అంటే, వద్దు. ఆ రాత్రి మీరు ఏడుస్తారు, అందరూ ఏడుస్తారు, తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు, పన్నెండు దాటాక కేకు కోస్తారు. రెండో తారీఖు సాయంత్రం సింధియా రోడ్డు మీద మీ పక్కన ఎవరుంటారు? గెత్సేమనేలో యేసు తన దుఃఖం శిష్యులందరికీ చెప్పుకోలేదు. ముగ్గురిని వెంటబెట్టుకుని కాస్త లోపలికి వెళ్లి వాళ్లకే చెప్పాడు. మీకూ ముగ్గురు చాలు. భార్య, డాక్టరు, పాస్టరు. వరుస కూడా అదే.

డాక్టరు ఎందుకంటే, రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ప్రాణం మీదికి రావచ్చు. ఉపవాస ప్రార్థన పెట్టుకుని తలుపేసుకుని మానేద్దామనుకోకండి. ప్రార్థన ఎలాగూ చేస్తారు, చెయ్యండి, కానీ ముందు మానసిక వైద్యుణ్ని కలవండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు విని బెదరొద్దు. ఫోన్లోనే మొదలుపెడతానంటే 14446 మత్తు మాన్పించే హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. రెండూ ఉచితం. ఎవరో చెప్పారని మీ ఇంట్లోవాళ్లు మీకు తెలియకుండా అన్నంలో మాత్రలు కలపకూడదు. కొన్ని మాత్రల మీద మద్యం పడితే మనిషి పోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, రాత్రి ఎక్కువ తాగితే పొద్దుటి షిఫ్టుకి పూర్తిగా దిగకపోవచ్చు. క్రేన్ కింద మనుషులుంటారు. డాక్టరు సరేననేదాకా సెలవు పెట్టండి.

పాస్టరు గారికి ఇంత చెబితే చాలు: "అయ్యగారూ, ఈ ఏడు నేను సాక్ష్యం చెప్పే స్థితిలో లేను. పాటలు కూడా కొన్నాళ్లు వేరేవాళ్లతో నడిపించండి. కారణం మీకొక్కరికే చెప్తాను." ఆయన విన్నదాన్ని వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా చెప్పే రకమైతే, ఆ మూడో మాట మింగేయండి. సంఘం మాత్రం మానొద్దు. వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ లేపరు.

ఆ కుర్రాడు ఊరికే తిరగడం లేదు, వాడికీ ఏదో ఉంది. మీరు వైద్యం మొదలుపెట్టాక, మానేసినవాడికి కూడా మళ్లీ తాగాలనిపిస్తుందని, మీకు ఇప్పుడూ అనిపిస్తోందని వాడికి చెప్పండి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో అలాగే పుట్టింది. ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకు అలవాటు పడ్డవాళ్లే, కూర్చుని ఒకరికొకరు ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు.

ఇక మీ భార్య. ఆవిడకు తెలుసనే నా నమ్మకం. షిఫ్టు లేని ఒక పొద్దున, ఒంట్లో మందు లేనప్పుడు, పిల్లలు స్కూలుకెళ్లాక చెప్పండి. "మళ్లీ తాగుతున్నాను, నాన్న పోయిన దగ్గర్నుంచి." ప్రమాణాలు చెయ్యకండి, తొమ్మిదేళ్ల కిందట చాలానే విని ఉంటుంది. అరిస్తే అరవనివ్వండి. ఆసుపత్రికి తోడు రమ్మని అడగండి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ నాన్నగారి గురించి ఒకే ఒక్క ముక్క రాశారు. మళ్లీ రాయండి. ఈసారి సంఘం సంగతి పక్కన పెట్టి, ఆయన గురించి రాయండి.