ఉద్యోగ వివాదాల లాయర్ల పనిని ఏఐ లాగేసుకుంటుందా?

లా చివరి సంవత్సరంలో ఉన్నానని, ఉద్యోగ వివాదాల వైపు రావాలని ఉందని, ఏఐ వచ్చాక ఇక్కడ పని మిగులుతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఉద్యోగుల తరఫున కేసులు చూస్తున్నాను. పని మిగలడం అటుంచండి, ఏఐ వల్లే మాకు కొత్త రకం కేసులు వస్తున్నాయి.

నేను వాడతానా అంటే, వాడతాను. క్లయింట్లు వందల కొద్దీ ఈమెయిళ్లు, చాట్‌లు తెచ్చి ముందు పెడతారు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో తేదీల వారీగా పేర్చడానికి ఏఐ బాగా పనికొస్తుంది. ఆ తర్వాత ప్రతి తేదీనీ అసలు ఈమెయిల్‌తో సరిచూసుకుంటాను. క్లయింట్ కాగితాలు ఉచితంగా దొరికే చాట్‌బాట్‌లలో మాత్రం పెట్టను. పాత తీర్పుల విషయంలో దాని మాట అసలు నమ్మను. 2023లో న్యూయార్క్ కోర్టులో ఒక విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులను లాయర్లు నిజమైనవిగా చూపించారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇవి నిజమైన కేసులేనా అని వాళ్లలో ఒకాయన మళ్లీ చాట్‌జీపీటీనే అడిగాడట! సాక్షి అబద్ధమాడుతున్నాడేమోనని సాక్షినే అడిగినట్టు.

ఇక కొత్త కేసుల సంగతి. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఐట్యూటర్‌గ్రూప్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ 55 ఏళ్లు నిండిన మహిళల, 60 ఏళ్లు నిండిన పురుషుల ఉద్యోగ దరఖాస్తులను దానంతటదే తిరస్కరించిందని అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు వేసింది. ఒక అభ్యర్థి అదే దరఖాస్తును వయసు తక్కువని కనిపించేలా పుట్టిన తేదీ మార్చి పంపితే ఇంటర్వ్యూకి పిలిచారు. అలా బయటపడింది. 2023లో 3,65,000 డాలర్లకు రాజీ కుదిరింది. నిజానికి అది ఏఐ అనేంత గొప్పదేమీ కాదు, వయసు చూసి తోసేసే నిబంధన, అంతే. ఇప్పటి సాఫ్ట్‌వేర్ అయితే ఎందుకు తోసేసిందో అంత తేలిగ్గా దొరకదు. యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగుల మనోభావాలను పసిగట్టే ఏఐని వైద్యం, భద్రత అవసరాలకు తప్ప 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు తమను తీసేయడంలో సాఫ్ట్‌వేర్ పాత్ర ఉందని కూడా తెలియదు. మేనేజర్‌కి నేనంటే పడదండీ అంటారు. తీరా తవ్వితే, కీబోర్డ్ కదలికలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వల్ల రేటింగ్ పడిపోయి ఉంటుంది. రోజంతా ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడిన మనిషి దాని లెక్కలో ఖాళీగా కూర్చున్నట్టే. కంపెనీని అడిగితే సిస్టమ్ అలా చూపించింది అంటుంది. అక్కడే గట్టిగా పట్టుకోవాలి: రేటింగ్ ఇంతకంటే తగ్గితే తీసేయాలన్న పరిమితి ఎవరు పెట్టారు? తీసేసే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఎవరైనా రికార్డు తెరిచి చూశారా? ఈ రెండు ప్రశ్నలకు హెచ్‌ఆర్ నీళ్లు నమిలితే, కేసు చాలాసార్లు సెటిల్‌మెంట్ దిశగా నడుస్తుంది.

కోడింగ్ నేర్చుకోవాల్సిన పనిలేదు. కంపెనీ దగ్గర ఏయే లాగ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకునే రికార్డులు, ఉంటాయో, వాటిని ఎలా అడగాలో తెలిస్తే చాలు. నాకున్న బెంగల్లా జూనియర్ల గురించే. కాగితాల కట్టలు చదివి నేర్చుకునే దశను ఏఐ మింగేస్తోంది. అందుకే మా ఆఫీసులో ముందు వాళ్లు చదవాలి, ఏఐ సారాంశం తర్వాతే. ఇంటర్న్‌షిప్ దొరికితే క్లయింట్‌తో మొదటిసారి మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోనివ్వమని అడగండి. ఉద్యోగం పోయిందని వచ్చిన మనిషి, అంతకు కొద్దిరోజుల ముందే ఓవర్‌టైమ్ డబ్బు గురించి పైవాళ్లను నిలదీశానన్న సంగతి ఎప్పుడో అరగంట తర్వాత గానీ చెప్పరు. చాలాసార్లు అది ఏ ఈమెయిల్‌లోనూ ఉండదు.